కాలు కింద పెట్టినవాడు

మా ఇంట్లో ఇద్దరు సైకిల్ రేసర్లు ఉండేవారు. ఒకడు మా అన్నయ్య ఓడిలోన్, రెండోవాడు నా మొగుడు వెర్నర్. ఇద్దరిదీ ఒకే టీమ్. వెర్నర్ గెలవడానికి తొక్కేవాడు, అన్నయ్య వెర్నర్‌ని గెలిపించడానికి తొక్కేవాడు. ఎదురుగాలి కొడితే వెర్నర్ ముందు అన్నయ్య గోడలా అడ్డం ఉండాలి. వెర్నర్ చక్రం పంచరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చి, తను రోడ్డు పక్కన కారు కోసం నిలబడాలి. వెర్నర్‌కి దాహం వేస్తే వెనక వచ్చే టీమ్ కారు దాకా వెళ్ళి, చొక్కా నిండా నీళ్ళ సీసాలు కుక్కుకుని, మళ్ళీ తొక్కుకుంటూ అతన్ని అందుకోవాలి. మా ఫ్లాండర్స్ ప్రాంతంలో ఆ పని చేసేవాణ్ణి పాలేరు అంటారు. అది తిట్టు కాదు, ఉద్యోగం పేరు. ఏడేళ్ళుగా అన్నయ్య ఆ ఉద్యోగంలో ఉన్నాడు.

నేను చెప్పేది డెబ్బై మూడో సంవత్సరం సంగతి. మార్చిలో మొదలై నవంబరుకి అయిపోయింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు.

మా ఊరు వాల్‌హోవెలో చర్చి ఎదురుగా అమ్మ కేఫ్ నడిపేది. ముందు గదిలో కేఫ్, వెనక ఇల్లు. నేనూ వెర్నర్ మేడ మీద ఉండేవాళ్ళం. పెళ్ళి కాని అన్నయ్య పెరట్లో సైకిళ్ళ షెడ్డు పక్క గదిలో పడుకునేవాడు. వెర్నర్ అభిమానుల సంఘం కూడేది మా కేఫ్‌లోనే. మాంసం కొట్టు సీరిల్ దానికి ప్రెసిడెంటు. కేఫ్ గోడల మీద వెర్నర్ ఫోటోలు పదకొండు ఉండేవి. అన్నయ్య కనిపించేది ఒకదాన్లోనే, అందులోనూ సగం మొహం వెర్నర్ భుజం వెనక దాగి ఉండేది.

మా నాన్న అషీల్ ముప్ఫై ఏళ్ళు అవిసె నార మిల్లులో పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుని, యాభై ఎనిమిదేళ్ళకే మంచానికీ కేఫ్ కిటికీకీ మధ్య ఆయన లోకం ముగిసిపోయింది. ఆయన ఏనాడూ రేసు తొక్కలేదు. కానీ రేసర్లని తూచడానికి ఆయన దగ్గర ఒకటే తూకం రాయి ఉండేది. "కాలు కింద పెట్టినవాడు రేసర్ కాడు" అనేవాడు. కొండ ఎక్కలేక దిగి నడిచినవాళ్ళ పేర్లు కూడా ఆయన నోట వచ్చేవి కావు.

ఆ ఏడాది వసంతంలో వెర్నర్‌కి ఒక్క గెలుపూ లేదు. ఫిబ్రవరిలో జ్వరంతో పడుకుని లేచాడు. కాళ్ళకి బలం రాలేదు. పేపర్లో ఎవరో "వెర్నర్ పని అయిపోయిందా?" అని రాశారు. ఆ పేపరు ముక్క అతను చింపి జేబులో పెట్టుకుని తిరగడం నేను చూశాను. తినేటప్పుడు సూప్ వేడిగా ఉంటే నా మీద అరిచేవాడు, చల్లగా ఉంటే అమ్మ మీద అరిచేవాడు. ఏడాది చివరికి టీమ్‌తో ఒప్పందం ముగుస్తుంది. "అవిసె సీమ రేసు పోయిందంటే నన్ను ఎవడూ ఉంచుకోడు" అన్నాడొకసారి, గోడవైపు తిరిగి పడుకుని.

అవిసె సీమ రేసు మార్చి నెలాఖరు ఆదివారం. మా చర్చి ముందునుంచే పోతుంది. ఊరు దాటిన రెండు కిలోమీటర్లకి కాకుల కొండ వస్తుంది. బండరాళ్ళు పరిచిన ఎగుడు రోడ్డు. రేసు సగం అక్కడే తేలిపోతుంది.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుందనగా అన్నయ్య పెరట్లో సైకిల్ తలకిందులుగా నిలబెట్టి గొలుసు తుడుస్తున్నాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను.

"చెల్లీ, నీకొకటి చెప్పనా? ఎవరితోనూ అనకు."

"ఏంటి, పిల్ల దొరికిందా?"

"పిల్లా లేదు, గిల్లా లేదు. కాళ్ళు దొరికాయి." తొడ మీద చరుచుకున్నాడు. "ఏడేళ్ళలో ఎన్నడూ ఇలా లేవు. నిన్న కాకుల కొండ మూడుసార్లు ఎక్కాను. మూడోసారి పైకి చేరేసరికి పాడుకుంటున్నాను కూడా."

"నీ పాట విని కాకులు లేచిపోలేదా?"

"లేచిపోయాయి. అందుకే నాలుగోసారి ఎక్కలేదు."

"మీ బావకి చెప్పావా?"

"చెబితే ఏమంటాడు? అయితే ఇంకో రెండు సీసాలు ఎక్కువ మొయ్యరా అంటాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. గొలుసు తిప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "గెలవకపోయినా ఫర్వాలేదే. ఒక్కసారి నాన్న కిటికీ ముందునుంచి నేను అందరికంటే ముందు పోవాలి. ఒక్కసారి. ఆయన నన్ను వెతుక్కోకుండా చూడాలి."

*

ఆదివారం పొద్దున్నుంచీ చలిగాలి. వెర్నర్ నాకు ముందే చెప్పి ఉంచాడు: కొండ పైన మలుపు తిరిగాక ధాన్యపు కొట్టం గోడ ఉంటుంది, అక్కడ నిలబడు, పంచదార ఎక్కువ వేసిన కాఫీ సీసా అందించు అని. అక్కడ రోడ్డు చదునుగా ఉంటుంది, సీసా అందుకోవడం తేలిక. జనం అంతా కొండ ఎక్కే చోటే మూగుతారు. కొట్టం దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. కొంచెం దూరంలో పొలం గట్టు మీద ఓ పదిమంది ఉన్నారు.

ముందు ముగ్గురు వచ్చారు. ఒక ఫ్రెంచివాడు, ఒక డచ్చివాడు, మా అన్నయ్య. ఆ ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని, తలలు ఊపుకుంటూ తొక్కుతున్నారు. అన్నయ్య నోరు మూసుకునే ఉన్నాడు. పది నిమిషాల కిందట మా చర్చి ముందునుంచి కూడా వాళ్ళు అలాగే పోయారట. నాన్న లేచి నిలబడి, దగ్గుతూనే కిటికీ తెరిచి, "ఓడిలోన్!" అని వీధి వినేలా అరిచాడట. అమ్మ తరవాత చెప్పింది. నాన్న అరవగా వినడం తనకి అదే మొదటిసారి అంది.

వాళ్ళ వెనకే మా టీమ్ కారు వచ్చింది. డైరెక్టర్ లామెన్స్ నడుం దాకా కిటికీలోంచి బయటికి వంగి ఉన్నాడు.

"ఆగు ఓడిలోన్! వెర్నర్ కోసం ఆగు!"

"ఎంత వెనకున్నాడు?"

"నిమిషం నలభై!"

"నిమిషం నలభయ్యా? అతనొచ్చేదెప్పుడు, మేం వీళ్ళని పట్టేదెప్పుడు సార్? ఈ ఇద్దర్నీ నేను కొట్టేస్తాను. వాళ్ళ మొహాలు చూడండి మీరే!"

"నీకు జీతమిచ్చేది కొట్టడానికి కాదు. ఆగమన్నాను. ఆగకపోతే రేపట్నుంచి రావద్దు."

ఆ ఇద్దరూ వెనక్కి చూసి, ఒకరికొకరు సైగ చేసుకుని, జోరు పెంచారు. అన్నయ్య ఇంకో ఇరవై గజాలు తొక్కాడు. తరవాత బ్రేకు పట్టి, సరిగ్గా నా ముందు కాలు కింద పెట్టాడు. కారు కొంచెం ముందుకి పోయి రోడ్డు పక్కన ఆగింది.

"చూశావుగా," అన్నాడు.

"చూశాను."

"విన్నావుగా."

"విన్నాను అన్నయ్యా."

నా చేతిలో సీసా చూసి చెయ్యి చాపాడు. ఆవిరి వస్తోంది దాన్లోంచి.

"ఇది వెర్నర్‌ది," అన్నాను.

"అవును కదా," అని చెయ్యి వెనక్కి తీసుకుని ఆ చేత్తోనే మొహం మీద బురద తుడుచుకున్నాడు.

నిమిషం నలభై సెకన్లు ఎంతసేపో ఆ రోజు నాకు తెలిసింది. గట్టు మీద నుంచి ఎవరో కేకేశారు: "ఏరా, అయిపోయిందా ఆవిరి?" ఇంకొకడు కాకిలా అరిచాడు. లామెన్స్ మాట వాళ్ళకి వినపడలేదు. వాళ్ళు చూసింది ఒకటే, రేసులో ముందున్నవాడు కొండెక్కి ఆగిపోయాడు.

వెర్నర్ పన్నెండుమంది గుంపులో చిట్టచివర వచ్చాడు. మొహం పిండిలా పాలిపోయి ఉంది. సీసా అందుకున్నాడు, నన్ను చూడలేదు. అన్నయ్య సైకిలెక్కి అతని ముందుకి పోయి, తల వంచి, గాలిని చీల్చుకుంటూ లాగడం మొదలుపెట్టాడు. అలా నలభై కిలోమీటర్లు లాగాడు. ముందున్న ఇద్దరూ దొరకలేదు. ఫ్రెంచివాడు గెలిచాడు. వెర్నర్ ఏడోవాడు. అన్నయ్య నలభై ఒకటోవాడు.

*

సాయంత్రం వెర్నర్ మేడ మీదికి వచ్చి తలుపు మూశాడు. చెవుల్లో ఇంకా బురద ఉంది.

"నువ్వెక్కడ నిలబడ్డావు? కారుకి దగ్గర్లోనా?"

"పది అడుగుల్లో."

మంచం మీద కూలబడ్డాడు. "లామెన్స్ పేపరువాళ్ళకి చెప్పేశాడు, ఓడిలోన్‌కి కొండ మీద కాళ్ళు పోయాయని. నన్నడిగితే నేనూ అదే చెప్పాను."

"అన్నయ్యో?"

"వాడేం మాట్లాడలేదు. మాట్లాడడు. టీమ్ సంగతులు పాలేరు బయటికి చెప్పడు. అది వాడికి తెలుసు."

"మరి నాతో ఎందుకు చెబుతున్నావు?"

"గెలిచేవాణ్ణి ఆపించి నేను ఏడోవాడిగా వచ్చానని తెలిస్తే దేశమంతా నా మొహం మీద నవ్వుతుంది గొదెలీవ్. కింద పేపరతను బీరు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్క రోజు. ఈ ఒక్క రోజు ఊరుకో. నీకు దణ్ణం పెడతాను."

నేను సరేనని అనలేదు. కాదని కూడా అనలేదు. జుట్టు దువ్వుకుని కిందికి దిగాను.

కేఫ్ కిక్కిరిసిపోయి ఉంది. సీరిల్ అప్పటికే మూడు నాలుగు గ్లాసులు ఖాళీ చేశాడు. అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని బల్ల పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏరా ఓడిలోన్," అన్నాడు సీరిల్, అందరికీ వినపడేలా. "కొండ మీద ఆగి కాకుల్ని లెక్కపెట్టావట?"

"లెక్కపెట్టాను సీరిల్ మామా. ఒకటి తక్కువొచ్చింది. ఇక్కడ తాగుతోందని ఇప్పుడు తెలిసింది."

అందరూ పడీపడీ నవ్వారు. నాన్న నవ్వలేదు. కిటికీ దగ్గర్నుంచి చెయ్యెత్తాడు. ఆయన మాట్లాడాలంటే ఊపిరి కూడదీసుకోవాలి, అందుకని ఆయన చెయ్యెత్తితే జనం ఆగేవాళ్ళు.

"ఓడిలోన్. కాలు కింద పెట్టావా?"

"పెట్టాను నాన్నా."

"ఎందుకు పెట్టావు?"

అన్నయ్య నావైపు చూశాడు. బతిమాలినట్టు కాదు. టైమెంతయిందో చూడటానికి గడియారం వైపు తిరిగినట్టు, మామూలుగా చూశాడు. నేను చెప్పకపోవచ్చన్న అనుమానమే ఆ చూపులో లేదు.

నాన్న కూడా నావైపు తిరిగాడు. "నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. వీణ్ణి ఎవరైనా ఆపారా, వీడే ఆగిపోయాడా?"

మెట్ల దగ్గర వెర్నర్ నిలబడి ఉన్నాడు. పేపరతను పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"కాళ్ళు ఆగిపోయాయి నాన్నా," అన్నాను. "బాగా అలిసిపోయాడు, పాపం."

ఆ "పాపం" నన్నెవరూ అడగలేదు. అది నేను నా సొంతంగా కలిపాను.

అన్నయ్య నన్ను ఇంకో క్షణం చూసి, బల్ల వెనక్కి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. అమ్మకి ఆ సాయంత్రం ఊపిరి సలపని పని. నాన్న కిటికీవైపు తిరిగిపోయాడు. మళ్ళీ మాటలు మొదలయ్యాయి. అంతే జరిగింది.

ఎందుకలా అన్నానని తరవాత నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. మొగుడు బతిమాలాడని, పేపరతను ఉన్నాడని, మర్నాడు నాన్నకి ఒంటరిగా నిజం చెప్పేద్దామనుకున్నానని. మర్నాడు చెప్పలేదు. ఆ పై రోజూ చెప్పలేదు. అసలు సంగతి ఏమిటంటే, వెర్నర్ పెళ్ళాం అనిపించుకోవడం నాకు అలవాటైపోయింది. సీరిల్ కొట్లో ఎంతమంది నిలబడి ఉన్నా నాకు ముందు కోసిచ్చేవాడు. చర్చిలో జనం జరిగి చోటిచ్చేవాళ్ళు. అది పోతుందని భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణం లేదు.

మర్నాడు పెరట్లో అన్నయ్య దగ్గరికి వెళ్ళాను.

"అన్నయ్యా, నిన్న..."

"ఏం ఫర్వాలేదులే," అన్నాడు టైరుకి గాలి కొడుతూ. "నువ్వు కూడా టీమ్‌లో చేరావన్నమాట."

*

నాన్న అన్నయ్యతో మాట్లాడటం మానేశాడు. కోపం చూపించలేదు, కేకలెయ్యలేదు. ఒకే బల్ల దగ్గర తింటూ, "ఇర్మా, ఆ ఉప్పు ఇటు జరపమను" అనేవాడు అమ్మతో. ఉప్పు అన్నయ్య చేతి పక్కనే ఉండేది. అన్నయ్య జరిపేవాడు. వెర్నర్‌ని మాత్రం, "కాళ్ళెలా ఉన్నాయి బాబూ?" అని రోజూ అడిగేవాడు.

మే నెలలో వెర్నర్ ఒక రేసు గెలిచాడు. ఆఖరి అరవై కిలోమీటర్లు అతన్ని గాలి తగలకుండా తీసుకొచ్చింది అన్నయ్యే. టీమ్ వెర్నర్‌కి ఇంకో రెండేళ్ళు పొడిగించింది. కేఫ్‌లో పన్నెండో ఫోటో ఎక్కింది. ఆ రోజు అన్నయ్య స్టూలెక్కి మేకు కొడుతుంటే వెర్నర్ కింద నిలబడి, "కొంచెం ఎడమకి, ఇంకొంచెం" అన్నాడు.

జూన్‌లో ఫ్రాన్స్ చుట్టూ తిరిగే రేసుకి పేర్లు వచ్చాయి. పదిమందిలో అన్నయ్య లేడు. వంటింట్లో నేనూ అమ్మా బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఉత్తరం పట్టుకుని వచ్చాడు.

"ఏం రాశారు?" అంది అమ్మ.

"కొండలెక్కలేనట. కాకుల కొండ మీద కూలిపోయినవాడు ఆల్ప్స్ ఏం ఎక్కుతాడని లామెన్స్ రాశాడు."

చెక్కు తీసే కత్తి నా చేతిలో ఆగిపోయింది. ఆగమన్నవాడు లామెన్స్. అబద్ధం పుట్టించినవాడూ అతనే. మూడు నెలలయ్యేసరికి తను పుట్టించిన అబద్ధాన్ని తనే నమ్ముతున్నాడు. లేక నమ్మక్కర్లేదేమో, కాగితం మీద రాయడానికి అది పనికొస్తే చాలేమో.

"నేను మాట్లాడతాను," అన్నాడు వెర్నర్ గుమ్మంలోంచి.

"మాట్లాడు బావా," అన్నాడు అన్నయ్య. "నీ మాటకి విలువ ఎక్కువ."

వెర్నర్ మాట్లాడలేదు. జూలై అంతా వెర్నర్ ఫ్రాన్స్‌లో ఉన్నాడు. అన్నయ్య పొద్దున్నే ఒక్కడే సైకిలేసుకుని పోయి, మధ్యాహ్నానికి ఉప్పు కట్టిన చొక్కాతో తిరిగొచ్చేవాడు. ఎందుకు తొక్కుతున్నాడో ఎవరమూ అడగలేదు.

*

ఆగస్టు పదిహేను చర్చి పండుగ తరవాతి ఆదివారం మా ఊరి జాతర. పొద్దున చర్చిలో పూజ, మధ్యాహ్నం ఎండు రేగుపళ్ళు వేసి వండిన కుందేలు కూర, మూడింటికి రేసు. ఊరి చుట్టూ పన్నెండు చుట్లు. ప్రతి చుట్టూ మా కేఫ్ ముందునుంచే. సొంత ఊళ్ళో ఆ ఏడు వెర్నరే గెలవాలని సీరిల్ వాళ్ళు పూలగుత్తి కూడా ముందే తెచ్చి మా నేలమాళిగలో చల్లగా పెట్టారు.

ఎనిమిదో చుట్టులో అన్నయ్య ఒక్కడే ముందుకి దూసుకుపోయాడు. వెర్నర్ గుంపులోవాళ్ళు మొదట నవ్వారు. తరవాత తరిమారు. తొమ్మిదో చుట్టుకి అరనిమిషం, పదికి నలభై ఐదు సెకన్లు, ఆఖరి చుట్టు గంట మోగేసరికి నిమిషం పదిహేను సెకన్లు. మైకులో చెప్పేవాడి గొంతు బొంగురుపోయింది. మార్చి నుంచి ఆ పేరు పలకనివాళ్ళు కూడా "ఓడిలోన్! ఓడిలోన్!" అని అరుస్తున్నారు. ఎండగా ఉందని అమ్మ కిటికీ బార్లా తెరిచి ఉంచింది. నాన్న దాని పక్కన బొమ్మలా కూర్చుని ఉన్నాడు. నేను గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

అన్నయ్య చర్చి మలుపు తిరిగాడు. గంట మోగింది. ఇంకొక్క చుట్టు. తొక్కడం ఆపేసి, అలా జారుకుంటూ వచ్చి, నాన్న కిటికీ ముందు బ్రేకు పట్టి, కాలు కింద పెట్టాడు.

అరుపులు ఆగిపోయాయి. రంగులరాట్నం పాట ఒక్కటే వినిపిస్తోంది.

సైకిల్ కిటికీ కింద గోడకి ఆనించాడు. టోపీ తీశాడు.

"నాన్నా, ఇప్పుడు ఆగింది నేను. ఎవరూ చెప్పలేదు, నాకై నేను ఆగాను. చూడు, ఊపిరి కూడా ఎగపొయ్యడం లేదు." తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూపించాడు. "కొండ మీద నన్ను ఆపారు. అదీ ఇదీ ఒకటి కాదు. నీకు తేడా తెలుస్తుందని వచ్చాను."

నాన్న చూపు అన్నయ్య మీంచి గుమ్మంలో ఉన్న నా మీదికి మళ్ళింది.

"తొక్కరా పిచ్చోడా!" అని జనం అరవడం మొదలుపెట్టారు. "ఇంకా టైముంది, ఎక్కు!" సీరిల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "బుర్రేమైనా చెడిందా నీకు? చేతికొచ్చిన రేసు రా!"

"పక్కకి జరుగు సీరిల్ మామా. వెర్నర్ వస్తున్నాడు, తగిలితే పడిపోతావు."

గుంపు వచ్చింది. పోయింది. పోతూ పోతూ వెర్నర్ తల తిప్పి చూశాడు, అన్నయ్యనీ, నన్నూ. ఇంకో పది నిమిషాలకి అతనే గెలిచాడు. బ్యాండువాళ్ళు వాయించారు. నేలమాళిగలోంచి పూలగుత్తి తెచ్చిచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు.

నాన్న అటు చూడలేదు. ఆ పది నిమిషాలూ నన్నే చూశాడు. గ్లాసుల పళ్ళెం పక్కన పెట్టాలని కూడా నాకు తోచలేదు. "నిజమేనా?" అని అడుగుతాడనుకున్నాను. అడిగితే చెప్పేద్దామని నోరు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. రెండుసార్లు దగ్గి, అమ్మతో అన్నాడు:

"ఇర్మా, వాడికొక బీరు పొయ్యి. నా పక్కన పెట్టు."

అమ్మ వచ్చి నా చేతుల్లోంచి పళ్ళెం తీసుకుంది.

*

సెప్టెంబరులో అన్నయ్య సైకిళ్ళు రెండూ అమ్మేసి బ్రెడ్డు కంపెనీ బండి నడపడానికి చేరాడు. తెల్లవారుజామున పోయి పదింటికల్లా ఇంటికొచ్చేవాడు. తక్కిన పొద్దంతా నాన్న దగ్గర కూర్చునేవాడు. ఏం మాట్లాడుకునేవారో తెలీదు. నేను గదిలోకి వెళితే ఆగేవారు కారు, కానీ వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టేవారు.

అక్టోబరులో మేం వేరే ఇంటికి మారిపోయాం, పన్నెండు కిలోమీటర్ల దూరం. కేఫ్ పొగ తన ఛాతీకి పడటం లేదని వెర్నర్ అన్నాడు. అభిమానుల సంఘం కూడా సీరిల్ కొట్టు వెనక గదికి మారింది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. సామాను ఎక్కించడానికి అన్నయ్య వచ్చి సాయం పట్టాడు. బీరువా ఒక్కడే మెట్ల మీంచి దింపాడు.

నవంబరులో నాన్నకి బాగా లేదని అమ్మ కబురు పెట్టింది. బస్సులో వెళ్ళాను. కేఫ్ మూసి ఉంది. వెనక గదిలో నాన్న దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. అన్నయ్య ఆయనకి గడ్డం గీస్తున్నాడు. ఒక చెంప మీద సబ్బు నురగ, రెండో చెంప నున్నగా ఉంది.

నాన్న నన్ను చూశాడు. మొహంలో కోపం లేదు. బాధ ఉందేమోనని వెతికాను, అదీ కనపడలేదు.

"ఓడిలోన్, వెర్నర్ గారి భార్య వచ్చారు," అన్నాడు. "కుర్చీ వెయ్యి."

అన్నయ్య కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చున్నాను.

"మీ ఆయన బాగున్నారా?"

"బాగున్నారు నాన్నా."

"సంతోషం. ఇర్మా, వీళ్ళకి కాఫీ ఇవ్వు. దూరం నుంచి వచ్చారు."

నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ ఆయన పిల్లల్ని మీరు అన్న మనిషి కాదు. ఊళ్ళో పాదిరి గారినీ, మిల్లు యజమానినీ, బస్సులోంచి దిగిన కొత్తవాళ్ళనీ మాత్రమే అలా అనేవాడు. మతి చలించిందేమోనని అమ్మ మొహం చూశాను. అమ్మ కళ్ళు దించుకుని కాఫీ పొయ్యడానికి వెళ్ళింది. అన్నయ్య మళ్ళీ కత్తి తీసుకున్నాడు. మతి చలించలేదు.

"నాన్నా," అన్నాను. "ఆ రోజు కేఫ్‌లో నువ్వడిగావు కదా. నేను..."

"కాఫీ చల్లారిపోతుంది. తాగండి."

"ఒక్క మాట వినవూ?"

"మా వాడు వినిపించాడు లెండి." గడ్డం గీయించుకోవడానికి తల వెనక్కి వాల్చాడు. "తాగండి."

తాగాను. ముగ్గురూ నాతో మర్యాదగానే ఉన్నారు. అన్నయ్య బ్రెడ్డు బండి ఇంజను గురించి ఏదో చెప్పాడు. అమ్మ బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరిపింది. కప్పు కడగబోతే, "అక్కడుంచండి, మేం చూసుకుంటాం" అన్నాడు నాన్న. ఆ కప్పుల్ని నేను పదేళ్ళ వయసు నుంచి కడిగాను.

లేచి కోటు వేసుకుంటుంటే కిటికీలోంచి బయటికి చూశాడు. సన్నగా వాన పడుతోంది.

"చీకటి పడకముందే బయల్దేరండి. రోడ్డు తడిగా ఉంది. మీకు అలవాటు లేదు."

నాతో అన్న ఆఖరి మాట అదే. తొమ్మిది రోజులకి పోయాడు. ఆ రోడ్డు మీద నాకు సైకిల్ నేర్పింది ఆయనే. ఆ రోజు అమ్మకీ అన్నయ్యకీ వెళ్ళొస్తానని చెప్పి, చీకటి పడకముందే బయల్దేరాను.